నమూనా రేటు, గడియారం: డిజిటల్ ధ్వనిముద్రణలో కాలప్రమాణ చరిత్ర

వ్యాససంగ్రహం:

డిజిటల్ ధ్వనిముద్రణలో ధ్వని సంఖ్యల వరుసగా నిలుస్తుంది. ఆ సంఖ్యలను సెకనుకు ఎన్ని చొప్పున చదవాలో చెప్పేది నమూనా రేటు. ఆ సెకనును కొలిచేది గడియారం. నేడు వాడుకలో ఉన్న 44,100, 48,000 అనే రెండు ప్రధానమైన రేట్లు ఏ చారిత్రక పరిస్థితుల్లో స్థిరపడ్డాయో, ఒక పరికరం గడియారాన్ని మరొక పరికరం అనుసరించే పద్ధతులు ఎలా రూపొందాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వృత్తిపరమైన ఆడియో ఇంటర్‌ఫేస్‌లో రేటు మార్చినప్పుడు జరిగే పనిని వివరించి, మౌఖిక సాహిత్య ధ్వనిముద్రణలను ఆధారంగా తీసుకునే పరిశోధకులకు ఈ చరిత్ర ఎందుకు అవసరమో నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: నమూనా రేటు, వర్డ్ క్లాక్, డిజిటల్ ధ్వనిముద్రణ, ఆడియో ఇంటర్‌ఫేస్, మౌఖిక సాహిత్యం, డిజిటలీకరణ.

1. ఉపోద్ఘాతం:

జానపద కథాగానాలపై పని చేస్తున్న రోజుల్లో ఒక సంస్థ నుంచి నాకు జముకుల కథ ధ్వనిముద్రణ ప్రతి ఒకటి అందింది. నిడివి సరిగ్గా 40 నిమిషాలు. ప్రధాన కథకుడి గొంతు సన్నగా, పై శ్రుతిలో వినిపించింది. నడక చాలా చురుకుగా ఉంది. ఆ లక్షణాలను ఆ కథకుడి ప్రత్యేక శైలిగా భావించి, ద్రుతగతి గురించి ఒక పేరా రాసుకున్నాను. కొంతకాలానికి అదే ప్రదర్శన మూల డిజిటల్ టేపును వినే అవకాశం కలిగింది. టేపు మీద నిడివి 43 నిమిషాల 32 సెకన్లు. కథకుడి గొంతు దాదాపు ఒకటిన్నర అర్ధస్వరం కిందికి దిగింది. నడక నింపాదిగా ఉంది. నేను శైలి అనుకున్నది కథకుడిది కాదు, ప్రతి తీసినప్పుడు జరిగిన పొరపాటుది. నేను రాసుకున్న పేరాను కొట్టివేయవలసి వచ్చింది.

ఆ ప్రతిలో ఒక్క నమూనా కూడా పోలేదు, ఒక్కటి కూడా మారలేదు. టేపు నుంచి సెకనుకు 44,100 చొప్పున వచ్చిన సంఖ్యలను కంప్యూటర్ 48,000 అని రాసి భద్రపరచింది. అంటే చెడినది ధ్వని కాదు, ధ్వనికి చెందిన కాలప్రమాణం. ఈ అనుభవం నుంచి రెండు ప్రశ్నలు పుట్టాయి. ఒకే పనికి ఇంత దగ్గరగా ఉన్న రెండు రేట్లు ఎందుకు ఏర్పడ్డాయి? ఒక యంత్రం ఒక రేటున పంపుతుండగా మరొక యంత్రం ఇంకొక రేటు అని ఎలా నమ్మగలిగింది? మొదటి ప్రశ్నకు జవాబు టెలివిజన్ చరిత్రలోను, రెండవ ప్రశ్నకు జవాబు గడియారాల చరిత్రలోను ఉన్నాయి.

2. నమూనా సిద్ధాంతం – తొలి గడియారాలు:

ధ్వనిని అఖండంగా కాక నిర్ణీత వ్యవధుల్లో కొలిచి, ఆ కొలతల నుంచి తిరిగి అఖండ ధ్వనిని పొందవచ్చుననే భావనకు గణితరూపం క్రమంగా ఏర్పడింది. బెల్ సంస్థకు చెందిన హ్యారీ నైక్విస్ట్ 1928లో తంతివార్తా ప్రసార సిద్ధాంతంపై ప్రచురించిన వ్యాసం, సోవియట్ శాస్త్రవేత్త వ్లదీమిర్ కోటెల్నికోవ్ 1933లో చేసిన ప్రతిపాదన, క్లాడ్ షానన్ 1949లో ప్రకటించిన వ్యాసం ఇందులో ముఖ్యమైన మజిలీలు. సారాంశం ఇది: ఒక ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ రేటుతో నమూనాలు తీస్తే ఆ ధ్వనిని సంపూర్ణంగా పునర్నిర్మించవచ్చు. మనిషి చెవికి వినిపించే పై హద్దు సుమారు 20,000 హెర్ట్జ్ కనుక సంగీతానికి కావలసిన రేటు 40,000 పైన ఉండాలి.

ఈ సిద్ధాంతం ఒక కనీస హద్దును చెబుతుందే గాని ఫలానా సంఖ్యే ఉండాలని నిర్దేశించదు. అంతేకాక నమూనాల మధ్య వ్యవధి సమానమని అది ముందే ఊహిస్తుంది. ఆ సమానత్వాన్ని నిజజీవితంలో సాధించి పెట్టేది గడియారం. నైక్విస్ట్ వ్యాసానికి ఒక సంవత్సరం ముందు, 1927లో, అదే బెల్ సంస్థలో వారెన్ మారిసన్, జోసెఫ్ హార్టన్ క్వార్ట్జ్ స్ఫటికంతో నడిచే తొలి గడియారాన్ని నిర్మించారు. నేటి ప్రతి ఆడియో ఇంటర్‌ఫేస్‌లోను ఆ రెండు ఆవిష్కరణలూ ఒకే పలక మీద పక్కపక్కనే ఉన్నాయి.

ధ్వని నమూనాలను సంఖ్యలుగా మార్చి పంపే పద్ధతిని అలెక్ రీవ్స్ 1930ల చివర పారిస్‌లో పని చేస్తూ రూపొందించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వాషింగ్టన్, లండన్ నగరాల మధ్య రహస్య సంభాషణ కోసం నిర్మించిన సిగ్‌సాలీ వ్యవస్థ 1943లో పనిలోకి వచ్చింది. అది గొంతు లక్షణాలను సెకనుకు 50 సార్లు కొలిచి సంఖ్యలుగా మార్చి, వాటికి ఒక రహస్య రొదను కలిపి పంపేది. ఆ రొద ఒకే విధంగా ముద్రితమైన రెండు గ్రామఫోన్ డిస్కుల మీద ఉండేది. ఒకటి ఈ కొనలో, మరొకటి ఆ కొనలో తిరగాలి. రెండు డిస్కులూ అడుగులో అడుగు వేసినట్టు తిరిగితేనే అవతలివైపు మాట వినిపిస్తుంది. ఏమాత్రం తేడా వచ్చినా మిగిలేది రొదే. డిజిటల్ ధ్వని పుట్టిననాడే సమకాలీకరణ సమస్య కూడా దానితో పుట్టిందనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

1962లో అమెరికాలో టెలిఫోన్ వ్యవస్థ ఒకే తీగ జంట మార్గంపై 24 సంభాషణలను సంఖ్యల రూపంలో పంపడం మొదలుపెట్టింది. ప్రతి గొంతుకూ సెకనుకు 8,000 నమూనాలు. 24 గొంతుల 8 బిట్ల నమూనాలు కలిపితే 192 బిట్లు. దానికి అదనంగా మరొక బిట్టును చేర్చారు. ఆ 193వ బిట్టులో ఎవరి మాటా లేదు. వరుస ఎక్కడ మొదలవుతుందో అవతలి యంత్రానికి గుర్తు చేయడమే దాని పని. మృదంగం, వయొలిన్, గాత్రం కలిసిన కచేరీలో తాళం వేసే చేతి వంటిది ఆ బిట్టు. అది స్వరం కాదు, కాని అది లేకపోతే స్వరాలు చోటు తప్పుతాయి.

3. 44,100 – టెలివిజన్ గీతల లెక్క:

1960ల చివర జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ప్రయోగశాలలో సంగీతాన్ని డిజిటల్‌గా ముద్రించే ప్రయత్నాలు మొదలయ్యాయి. అప్పటి పెద్ద అడ్డంకి నిలవ చేసే సాధనం. స్టీరియో సంగీతం సెకనుకు పది లక్షలకు పైగా బిట్లను కోరుతుంది. సాధారణ ఆడియో టేపు అంత వేగంగా వచ్చే సమాచారాన్ని పట్టుకోలేదు. పట్టుకోగలిగినది వీడియో టేపు ఒక్కటే. అందువల్ల ధ్వని సంఖ్యలను నలుపు తెలుపు చుక్కల చిత్రంగా మార్చి వీడియో టేపు మీద ముద్రించారు. ధ్వని నమూనా రేటు టెలివిజన్ చిత్రంలోని గీతల సంఖ్యకు కట్టుబడవలసి రావడం ఇక్కడే ప్రారంభమైంది.

1972లో డెనాన్ సంస్థ రూపొందించిన రికార్డరు నమూనా రేటు 47,250. ఈ సంఖ్య వింతగా కనిపించినా దాని వంశం సూటిగా ఉంది. జపాన్, అమెరికాల నలుపు తెలుపు టెలివిజన్‌లో సెకనుకు 15,750 గీతలు. ఒక్కొక్క గీతకు మూడు నమూనాల చొప్పున 47,250.

తరువాత సోనీ సంస్థ 1977లో గృహ వినియోగానికి, 1978లో వృత్తిపరమైన స్టూడియోలకు వీడియో టేపుపై ఆధారపడిన పరికరాలను తెచ్చింది. ఇక్కడ గీతలన్నింటినీ వాడలేదు. చిత్రం పైకీ కిందికీ మారే వ్యవధిలోని గీతలను వదిలి, నిలకడగా ఉండే గీతలనే తీసుకున్నారు. అమెరికా పద్ధతిలో సెకనుకు 60 క్షేత్రాలు, క్షేత్రానికి 245 వాడదగిన గీతలు, గీతకు 3 నమూనాలు: 60 × 245 × 3 = 44,100. ఐరోపా పద్ధతిలో సెకనుకు 50 క్షేత్రాలు, క్షేత్రానికి 294 గీతలు, గీతకు 3 నమూనాలు: 50 × 294 × 3 = 44,100. రెండు ఖండాల టెలివిజన్ పద్ధతులకూ ఒకే సంఖ్య సరిపోయింది. ఈ సంఖ్యకు మరొక గుణం ఉంది. అది 210కి వర్గం. అంటే మొదటి నాలుగు ప్రధాన సంఖ్యలైన 2, 3, 5, 7ల వర్గాల లబ్ధం. అన్ని చిన్న భాజకాలు ఉండడం వల్లనే రెండు లెక్కలకూ లొంగింది.

అయితే ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. అమెరికా రంగుల టెలివిజన్‌లో క్షేత్రాల రేటు 60 కాదు, సుమారు 59.94. ఆ యంత్రాలతో ముద్రిస్తే వచ్చే నమూనా రేటు 44,056. వెయ్యింట ఒక వంతు తేడా. చెవికి అందేది అంతంత మాత్రమే, కాని గంటకు 3.6 సెకన్ల వ్యత్యాసం. సినిమా, వీడియో రంగాల్లో నేటికీ రేటును వెయ్యింట ఒక వంతు పెంచే, తగ్గించే సదుపాయాలు ఇంటర్‌ఫేస్‌లలో కనిపించడానికి మూలం ఆ రంగుల టెలివిజన్ నిర్ణయమే.

ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో ఖరారు చేసిన కాంపాక్ట్ డిస్క్ ప్రమాణం 44,100ను స్వీకరించింది. 1982 అక్టోబరులో జపాన్‌లో డిస్కులు విపణిలోకి వచ్చాయి. డిస్కులో టెలివిజన్ గీతలు లేవు. డిస్కు తయారీకి పంపే మూలప్రతి మాత్రం వీడియో టేపు మీదనే ఉండేది. కారణం కాలం చెల్లిపోయినా దాని ఫలితం ప్రమాణంగా నిలిచిపోవడం భాషాచరిత్ర చదివినవారికి కొత్త సంగతి కాదు. ఉచ్చారణలో పోయిన అక్షరం రాతలో మిగిలినట్టే, వాడుకలో పోయిన వీడియో టేపు ఈ సంఖ్యలో మిగిలింది.

4. 48,000 – ప్రసార, చలనచిత్ర రంగాల అవసరం:

అదే కాలంలో ఇతర మార్గాలూ నడిచాయి. అమెరికాలో థామస్ స్టాక్‌హామ్ స్థాపించిన సౌండ్‌స్ట్రీమ్ సంస్థ మొదట 37,500, తరువాత 50,000 రేటుతో ముద్రించింది. త్రీఎమ్ సంస్థ బహుమార్గ రికార్డరు కూడా 50,000 రేటునే వాడింది. ఐరోపా రేడియో ప్రసార సంస్థలు ప్రసార పరిమితి 15,000 హెర్ట్జ్ కనుక 32,000తో సరిపెట్టుకున్నాయి. ఒక స్టూడియో టేపు మరొక స్టూడియోలో పలకని పరిస్థితి ఏర్పడింది.

దీనికి పరిష్కారంగా ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 1984లో ఏఈఎస్5 అనే సిఫారసును వెలువరించింది. వృత్తిపరమైన ముద్రణకు 48,000ను ప్రధాన రేటుగా సూచించి, డిస్కులకు 44,100ను, ప్రసారానికి 32,000ను గుర్తించింది. 48,000 ఎంపికలో రెండు సౌకర్యాలు ఉన్నాయి. మొదటిది 32,000తో దానికి 3:2 అనే సరళ నిష్పత్తి. రెండవది చలనచిత్రంతో పొత్తు. సెకనుకు 24 చిత్రాల సినిమాలో ఒక్కొక్క చిత్రానికి సరిగ్గా 2,000 నమూనాలు, 25 చిత్రాల టెలివిజన్‌లో 1,920, 30 చిత్రాల పద్ధతిలో 1,600. 44,100 అయితే సినిమా చిత్రానికి 1,837న్నర నమూనాలు వస్తాయి. సగం నమూనా అనేది ఉండదు కనుక చిత్రాన్ని, ధ్వనిని ఒకేచోట కత్తిరించడం కష్టమవుతుంది.

ఈ రెండు రేట్ల మధ్య నిష్పత్తి 160:147. అంతకంటె సరళం కాదు. ఈ అసౌకర్యం వ్యాపారానికి కంచెగా కూడా ఉపయోగపడింది. 1987లో డాట్ టేపు వచ్చినప్పుడు, డిస్కుల నుంచి యథాతథ ప్రతులు తీస్తారని సంగీత సంస్థలు ఆందోళన చెందాయి. గృహ వినియోగానికి వచ్చిన తొలి డాట్ యంత్రాలు 48,000తో ముద్రించేవి. డిస్కు నుంచి 44,100తో వచ్చే డిజిటల్ ధారను ముద్రించడానికి నిరాకరించేవి. నమూనా రేటు అనేది శుద్ధ సాంకేతిక నిర్ణయమే కాదు, ఆస్తి హక్కులకు సరిహద్దు రాయిగా కూడా నిలిచిందని ఈ సంఘటన తెలుపుతుంది.

5. గడియారాన్ని పంచుకోవడం:

రేటు పేరు ఒకటైనంత మాత్రాన రెండు యంత్రాలు కలిసి నడవవు. ఒకే ఊళ్లో తయారైన రెండు చేతి గడియారాలు కూడా నెల తిరిగేసరికి కొన్ని సెకన్ల తేడా చూపిస్తాయి. రెండు రికార్డర్లలోని స్ఫటికాలూ అంతే. తేడా దశలక్షకు 10 భాగాలే అనుకుందాం. 48,000 రేటు వద్ద అది సెకనుకు దాదాపు అర నమూనా. ఈ రెండు యంత్రాలను డిజిటల్ తీగతో కలిపి, గడియారాలను మాత్రం కలపకపోతే రెండు సెకన్లకొకసారి ఒక నమూనా ఎక్కువో తక్కువో అవుతుంది. ఆ చోట చిన్న ‘టిక్’ మనే చప్పుడు వినిపిస్తుంది. అనలాగ్ టేపులో వేగపు తేడా శ్రుతిని కొద్దిగా కదిలించి ఊరుకుంటుంది. డిజిటల్ ధారలో అది తెగుగా మారుతుంది.

ఈ సమస్యకు 1985లో వెలువడిన ఏఈఎస్3 ప్రమాణం తెలివైన మార్గం చూపింది. ఒకే తీగ మీద ధ్వని సంఖ్యలతో పాటు గడియారమూ ప్రయాణిస్తుంది. ప్రతి బిట్టు సరిహద్దులోను సంకేతం తప్పనిసరిగా దిశ మారుతుంది కనుక, అందుకునే యంత్రం ఆ మార్పుల నుంచే కాలాన్ని గ్రహిస్తుంది. ఇవి కాక, రేటు ఎంతో తెలిపే చిన్న సూచిక కూడా ధారలో ఉంటుంది. ఇక్కడ మూడు వేర్వేరు విషయాలను గుర్తించాలి: ధార నిజంగా నడుస్తున్న రేటు, ధారలోని సూచిక చెప్పే రేటు, అందుకునే కంప్యూటర్ నమ్మే రేటు. మూడూ ఒకటి కావాలి, కాని ఒకటి అయి తీరాలన్న నియమం యంత్రంలో లేదు. నా జముకుల కథ ప్రతి మూడవదానిలో జరిగిన పొరపాటు.

పరికరాలు రెండు దాటినప్పుడు ప్రత్యేక గడియార తీగ అవసరమైంది. దానినే వర్డ్ క్లాక్ అంటారు. అందులో ధ్వని ఉండదు. నమూనా రేటుతో ఎగిసిపడే చతురస్ర తరంగం మాత్రమే ఉంటుంది. ఒక యంత్రం తాళం వేస్తుంది, మిగిలినవి దానిని అనుసరిస్తాయి. భజన బృందంలో ఇద్దరు పెద్ద తాళాలు పట్టుకుంటే ఏమవుతుందో, రెండు పరికరాలను అధిపతులుగా పెడితే అదే అవుతుంది. ఈ తీగ చివరి కొనలో 75 ఓమ్‌ల నిరోధం ఉండాలి. లేకపోతే సంకేతం కొనను తాకి వెనక్కి ప్రతిఫలించి, అంచులు చెదిరి, అనుసరించే పరికరం తడబడుతుంది.

1991లో వెలువడిన ఏఈఎస్11 ప్రమాణం స్టూడియో అంతటికీ ఒక ఆధార సంకేతాన్ని నిర్వచించింది. ఆధార గడియారాలను దశలక్షకు 1 భాగం, 10 భాగాల ఖచ్చితత్వం గల రెండు తరగతులుగా విభజించింది. ప్రమాణ గ్రంథం ఇంత సూక్ష్మంగా మాట్లాడవలసి రావడం వెనుక స్టూడియోల్లో కొన్ని సంవత్సరాల పాటు వినిపించిన ఆ ‘టిక్’ చప్పుళ్లు ఉన్నాయి.

6. రేటు మార్చినప్పుడు ఇంటర్‌ఫేస్‌లో జరిగే పని:

వృత్తిపరమైన ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటిలో రెండు స్ఫటికాలు ఉంటాయి. ఒకటి సెకనుకు 2,25,79,200 సార్లు, మరొకటి 2,45,76,000 సార్లు కంపిస్తాయి. మొదటిది 44,100కు 512 రెట్లు, రెండవది 48,000కు 512 రెట్లు. 88,200, 1,76,400 మొదటి కుటుంబానికి చెందినవి. 96,000, 1,92,000 రెండవ కుటుంబానికి చెందినవి. 160:147 అనే నిష్పత్తి సరళం కాదు కనుక ఒకే స్ఫటికం నుంచి రెండు కుటుంబాలనూ తేలికగా పొందలేరు. 1970ల నాటి టెలివిజన్ లెక్క, నేటి పలక మీద రెండవ స్ఫటికంగా కూర్చుని ఉంది.

వాడేవారు 44,100 నుంచి 48,000కు మార్చినప్పుడు పరికరం ఒక స్ఫటికాన్ని వదిలి మరొకదానిని పట్టుకుంటుంది. పరివర్తకాలు కొత్త రేటుకు సర్దుకునే వరకు ధ్వనిని మూసివేస్తుంది. దానిని అనుసరిస్తున్న ఇతర పరికరాలు తాళం తప్పి, మళ్లీ పట్టుకుంటాయి. ఆ క్షణంలో ముద్రణ జరుగుతుంటే అది తెగుతుంది. అందుకే అనేక సాఫ్ట్‌వేర్లు ముద్రణ మధ్యలో రేటు మార్పును అనుమతించవు.

పరికరం బయటి గడియారాన్ని అనుసరిస్తున్నప్పుడు స్థితి వేరు. అప్పుడు రేటును నిర్ణయించేది తెర మీద మనం ఎంచుకున్న సంఖ్య కాదు, తీగలో వచ్చే గడియారం. తెర మీద 48,000 అని ఉన్నా, తీగలో 44,100 వస్తుంటే పరికరం 44,100తోనే నడుస్తుంది. కొన్ని పరికరాలు ఈ విభేదాన్ని గుర్తించి హెచ్చరిస్తాయి, కొన్ని మౌనంగా ముద్రిస్తాయి. మౌనంగా ముద్రించినప్పుడు ఫైలు తలభాగంలో 48,000 అని నమోదవుతుంది. ఆ ఫైలు విన్నవారికి గొంతు సుమారు ఒకటిన్నర అర్ధస్వరం పైకి, గంట ప్రదర్శన 55 నిమిషాల 7 సెకన్లకు కుదించుకుపోయి వినిపిస్తుంది. దీనికి విరుద్ధమైన పొరపాటులో గంట 65 నిమిషాల 18 సెకన్లుగా సాగుతుంది, గొంతు బరువెక్కుతుంది.

బయటి గడియారం పెడితే ధ్వని నాణ్యత పెరుగుతుందనే అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉంది. దానిని సవరించుకోవాలి. ధ్వనిని సంఖ్యగా మార్చే క్షణంలో గడియారం తడబాటు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. పరివర్తకం పక్కనే ఉన్న మంచి స్ఫటికం సాధారణంగా దూరం నుంచి తీగలో వచ్చే గడియారం కంటె నిలకడగా ఉంటుంది. బయటి గడియారం అవసరమయ్యేది నాణ్యత కోసం కాదు, ఏకీభావం కోసం.

7. తీగ నుంచి జాలానికి:

ధ్వనిని కంప్యూటర్ జాలాల్లో పంపే పద్ధతులు వచ్చాక వర్డ్ క్లాక్ తీగ అవసరం తగ్గింది, సమకాలీకరణ అవసరం తగ్గలేదు. సాధారణ జాలంలో సమాచారం పొట్లాలుగా, ముందు వెనుకలుగా చేరుతుంది. దాని నుంచి గడియారాన్ని నేరుగా గ్రహించడం సాధ్యం కాదు. అందుకని 2002లో రూపొందిన ఐఈఈఈ 1588 అనే కాలవిధానాన్ని ఆశ్రయించారు. పరికరాలు ఒకదానికొకటి సమయ సందేశాలు పంపుకొని, మార్గంలో పట్టిన ఆలస్యాన్ని లెక్కించి, ఉమ్మడి కాలాన్ని నిర్ధారించుకుంటాయి. తాళం వేసేవారిని పరికరాలే ఎన్నుకుంటాయి. అధిపతి ఆగిపోతే మరొకటి ఆ స్థానం తీసుకుంటుంది. డాంటే వంటి వ్యవస్థలు, 2013లో వెలువడిన ఏఈఎస్67 ప్రమాణం ఈ పునాదిపైనే ఉన్నాయి. సిగ్‌సాలీ గ్రామఫోన్ డిస్కుల నుంచి ఇక్కడి వరకు సాధనాలు మారాయి, ప్రశ్న మారలేదు.

8. మౌఖిక సాహిత్య పరిశోధనకు ఈ చరిత్ర చెప్పేది:

కాలప్రమాణం తప్పిన ధ్వనిముద్రణల సమస్య డిజిటల్ యుగంతో మొదలైనది కాదు. నాటక పద్యాలను ఇంటింటికీ చేర్చిన 78 వేగపు గ్రామఫోన్ డిస్కుల విషయంలో కూడా ఆ సంఖ్య ఉజ్జాయింపే. తొలినాటి డిస్కులు వేర్వేరు వేగాలతో ముద్రితమయ్యాయి. తరువాత విద్యుత్ మోటార్లు వచ్చాక వేగాన్ని విద్యుత్ సరఫరా పౌనఃపున్యమే నిర్ణయించింది. 60 హెర్ట్జ్ దేశాల్లో అది 78.26, 50 హెర్ట్జ్ దేశాల్లో 77.92. గోడలోని కరెంటు ఆనాటి గడియారం. ఒక పాత పద్యం ఏ శ్రుతిలో పాడారో నేటి డిజిటల్ ప్రతి విని తేల్చేముందు రెండు గడియారాలను విచారించాలి: డిస్కు తిరిగిన వేగం, నమూనా రేటు.

క్షేత్రపర్యటనల్లో రెండు రికార్డర్లు వాడే అలవాటు ఇప్పుడు పెరిగింది. బుర్రకథలో కథకుడికి ఒకటి, వంతల డక్కీలకు ఒకటి పెడతాం. గడియారాలు కలపని ఆ రెండింటి మధ్య తేడా దశలక్షకు 10 భాగాలైతే గంటకు 1,728 నమూనాలు, అంటే 36 మిల్లీసెకన్లు. ఆరు గంటల వీధి భాగవతానికి అది 216 మిల్లీసెకన్లు. ఆరంభంలో పాదంతో కలిసి పడిన వాద్యం దెబ్బ, తెల్లవారేసరికి పాదం తరువాత పడినట్టు వినిపిస్తుంది. దానిని కళాకారుల అలసటకు ఆపాదించే పరిశోధకుడు యంత్రదోషాన్ని మనుషుల మీద మోపినవాడవుతాడు. ప్రదర్శన ఆదిలోను, అంతంలోను ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి రెండు యంత్రాల్లోనూ ముద్రిస్తే, తేడాను తరువాత కొలిచి సరిచేయవచ్చు.

నమోదు విషయంలోనూ ప్రమాణాలు ఉన్నాయి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ తన మార్గదర్శకాల్లో అనలాగ్ మూలాలకు కనీసం 48,000 రేటు, 24 బిట్లను సూచించి, 96,000ను మేలైనదిగా పేర్కొంది. డిజిటల్ టేపు మూలమైనప్పుడు మాత్రం రేటు మార్చకుండా ఉన్నదున్నట్టుగా ప్రతి తీయడమే సరైన పద్ధతి. ఐరోపా ప్రసార సమాఖ్య రూపొందించిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైలులో ముద్రణ మొదలైన సమయం గంటల్లో కాక, అర్ధరాత్రి నుంచి గడిచిన నమూనాల సంఖ్యగా ఉంటుంది. రేటు తప్పుగా నమోదైతే గొంతే కాదు, ప్రదర్శన ఏ జామున మొదలైందన్న సమాచారం కూడా తప్పుతుంది.

ఇక్కడ ఒక ఓదార్పు, ఒక హెచ్చరిక ఉన్నాయి. రేటు పేరు తప్పిన ఫైలును తలభాగంలోని ఒక్క సంఖ్య మార్చి సంపూర్ణంగా బాగుచేయవచ్చు. కాని ఆ తప్పు గుర్తించకముందే ఎవరైనా ఆ ఫైలును మరొక రేటుకు మార్చి భద్రపరిస్తే, లేదా ముద్రణలోనే నమూనాలు జారిపోతే, పోయినదానిని పూర్తిగా రప్పించలేం. మూల టేపును పారవేయకూడదన్న నియమానికి ఇదే ఆధారం. నా విషయంలో మూలం బతికి ఉంది కనుక కథకుడికి ఆయన గొంతు తిరిగి దక్కింది.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. 44,100, 48,000 రేట్లు శ్రవణశాస్త్రం నేరుగా నిర్దేశించినవి కావు. మొదటిది వీడియో టేపు గీతల లెక్క నుంచి, రెండవది ప్రసార, చలనచిత్ర రంగాల సౌకర్యం నుంచి స్థిరపడ్డాయి.

2. ఆ రెండు చరిత్రలు కలవకపోవడం వల్ల ఏర్పడిన 160:147 నిష్పత్తి, నేటి ఇంటర్‌ఫేస్‌లలో రెండు స్ఫటికాలుగా, పరిశోధకుల చేతుల్లో శ్రుతి తప్పిన ప్రతులుగా కొనసాగుతోంది.

3. ఫైలులో కనిపించే నమూనా రేటు ఒక ప్రకటన మాత్రమే. దాని సత్యాసత్యాలను ముద్రణ సమయంలో ఏ పరికరం గడియారాన్ని ఏ పరికరం అనుసరించిందన్న విషయమే నిర్ణయిస్తుంది. కనుక డిజిటలీకరణ నమోదుపత్రంలో రేటుతో పాటు గడియార మూలం, మూల టేపు నిడివి తప్పక ఉండాలి.

4. గాయకుల శ్రుతి, నడక, యతి, విరామాల గురించి ధ్వనిముద్రణ ఆధారంగా చేసే ప్రతి సిద్ధాంతీకరణకూ ముందు కాలప్రమాణ పరిశీలన జరగాలి.

తాళపత్ర ప్రతిని చేతికి తీసుకున్నప్పుడు లేఖకుడెవరు, ఏ మాతృకను చూసి రాశాడు అని మనం విచారిస్తాం. లేఖక దోషాన్ని కవి ప్రయోగంగా పొరబడకుండా ఉండటానికే ఆ శ్రమ. ధ్వనిముద్రణ ప్రతికి లేఖకుడు గడియారమే. తిక్కన పద్యానికి చూపే జాగ్రత్తను, పేరు కూడా నమోదు కాని జముకుల కథకుడి గొంతుకు చూపించడం పాఠపరిష్కరణ శాస్త్రానికి కొత్త భారమేమీ కాదు. దాని పాత ధర్మమే.